కార్టెక్స్ అంతా చీకటి: అక్కడ ఆస్ట్రోసైట్‌లు లేవా, నా స్టెయినింగే తప్పా?

మంచుకత్తి:

అందరికీ నమస్కారం. మెదడు మీద పని మొదలుపెట్టి ఏడు నెలలైంది. అంతకు ముందు కాలేయం కణాలతో పని చేసేవాణ్ణి, కాబట్టి ఈ ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే మన్నించాలి.

పెరిగిన చిట్టెలుకల మెదడును 40 మైక్రాన్ల సెక్షన్లుగా కోసి, జీఎఫ్ఏపీ అనే ప్రోటీనును పట్టుకునే యాంటీబాడీతో ఆకుపచ్చ రంగు వేస్తున్నాను. ఆస్ట్రోసైట్‌లను, అంటే మెదడులో నాడీకణాల మధ్య ఉండే నక్షత్రాల్లాంటి కణాలను, చూడాలంటే ఇదే దారి అని మొదటి రోజే నేర్పారు. మెదడు లోపలి హిప్పోక్యాంపస్ అనే భాగం చాలా బాగా వచ్చింది. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే నక్షత్రాలు, వాటి కొమ్మలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. దాని మీదుగా పోయే తెల్ల పదార్థం పట్టీ, కార్పస్ కలోసమ్, అదీ నిండుగా వెలిగింది. ఆ పట్టీ దాటి పైకి కార్టెక్స్‌లోకి, అంటే మెదడు పై పొరలోకి, వెళ్తే చీకటి. మెదడు ఉపరితలం అంచున ఒక సన్నని ఆకుపచ్చ గీత, రక్తనాళాల పక్కన అక్కడొకటి ఇక్కడొకటి నక్షత్రం. అంతే. మిగతాదంతా కేంద్రకాల నీలం చుక్కలు.

మూడుసార్లు మొదటి నుంచి చేశాను. యాంటీబాడీ కొత్త సీసా తెప్పించాను. డిటర్జెంట్ పెంచాను, నానబెట్టే సమయం ఒక రాత్రి నుంచి రెండు రాత్రులకు పొడిగించాను. మార్పు లేదు. మా దగ్గర సీనియర్ ఒకరు చూసి "యాంటీబాడీ లోపలికి దిగలేదు, మళ్లీ చేయండి" అన్నారు. కానీ అదే సెక్షన్‌లో, అదే ద్రావణంలో, ఒక మిల్లీమీటరు దూరంలో ఉన్న హిప్పోక్యాంపస్‌లోకి దిగి కార్టెక్స్‌లోకి దిగకపోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఎదురు చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

పుస్తకంలో ఆస్ట్రోసైట్‌లు రెండు రకాలనే ఉంది: బూడిద పదార్థంలో ప్రోటోప్లాస్మిక్, తెల్ల పదార్థంలో ఫైబ్రస్. రెండు వాక్యాల్లో ముగించి "ఇవి నాడీకణాలకు ఆసరాగా ఉంటాయి" అని ముందుకు వెళ్లిపోయారు. ఆసరా కణాలు కార్టెక్స్‌కు అక్కరలేదా? తప్పు నా చేతిదా, యాంటీబాడీదా, పుస్తకానిదా?


పాతపలకలు:

మీ చేతిదీ కాదు, యాంటీబాడీదీ కాదు. నాలుగోసారి చేయకండి. యాంటీబాడీ ఖరీదైనది.

ఇరవై రెండేళ్లు మెదడు సెక్షన్లకు రంగులు వేశాను. మీరు చెప్పిన చిత్రం పెరిగిన చిట్టెలుక మెదడులో అచ్చంగా కనిపించవలసిన చిత్రమే: హిప్పోక్యాంపస్ వెలుగు, తెల్ల పదార్థం వెలుగు, కార్టెక్స్ చీకటి, ఉపరితలం అంచున గీత. ఎవరైనా నాకు కార్టెక్స్ అంతటా ధగధగ మెరిసే జీఎఫ్ఏపీ చిత్రం తెచ్చి "ఇది ఆరోగ్యంగా ఉన్న జంతువు" అంటే అప్పుడు అనుమానిస్తాను.

జీఎఫ్ఏపీ అంటే కణం లోపలి అస్థిపంజరంలో ఒక పీచు. ఆస్ట్రోసైట్ అయితే చాలు, అది మెండుగా ఉండి తీరాలన్న నియమం లేదు. తెల్ల పదార్థం కణాల్లో చాలా ఉంటుంది, హిప్పోక్యాంపస్ కణాల్లోనూ తగినంత ఉంటుంది. కార్టెక్స్‌లో ఉన్న ఆస్ట్రోసైట్‌లలో ఎక్కువ భాగం దాన్ని యాంటీబాడీ పట్టుకోగలిగినంత చేయవు. కణాలు ఉన్నాయి. మీరు చూస్తున్న నీలం చుక్కల్లో కొన్ని వాటివే. వాటిని వెలిగించే దీపం మీ చేతిలో లేదు, అంతే.

ఇంకో సంగతి. వెలిగిన చోట కూడా మీకు కణం కనిపించడం లేదు. జీఎఫ్ఏపీ పట్టుకునేది ఆస్ట్రోసైట్ ఘనపరిమాణంలో సుమారు 15 శాతాన్ని మాత్రమే. ఆకులు రాలిన చెట్టును చూస్తున్నారు మీరు: మాను, పెద్ద కొమ్మలు. ఆకు ఒక్కటీ లేదు. ఆస్ట్రోసైట్ చేసే పనిలో చాలా భాగం ఆ ఆకుల దగ్గరే జరుగుతుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి నమ్మలేదు. పనిలో చేరిన మూడో ఏడు, బతికున్న సెక్షన్ మీద ఒక కణాన్ని ఎంచుకుని, గాజు సూదితో దాని లోపలికి లూసిఫర్ ఎల్లో అనే రంగు ఎక్కించవలసి వచ్చింది. అప్పటికి కొన్ని వేల నక్షత్రాలు చూసి ఉన్నాను, ఇంకొకటి వస్తుందనుకున్నాను. రంగు పాకుతూ పాకుతూ వెళ్లింది. కొమ్మలు, వాటికి పిల్ల కొమ్మలు, వాటి మధ్య ఖాళీల్లో పొగలా ఏదో. పది నిమిషాలకు అక్కడ నక్షత్రం లేదు, చుట్టూ అంచు కూడా స్పష్టంగా కనిపించే ఒక దూది ఉండ ఉంది. సూది పగిలి రంగు బయటికి కారిందనుకుని ఆ సెక్షన్ పారేశాను! రెండోదీ అలాగే వచ్చింది. మూడోది వచ్చాక గానీ బుద్ధి రాలేదు. ఆ మొదటిది నా చేతికి వచ్చిన వాటిలోకెల్లా అందమైన కణం. ఇప్పటికీ గుర్తొస్తే చివుక్కుమంటుంది.

1890ల దశకంలో లెన్హోసెక్ ఈ కణానికి ఆస్ట్రోసైట్, అంటే నక్షత్ర కణం, అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో వెండి లవణాలతో చేసిన రంగుల్లో కనిపించిన రూపం నుంచి వచ్చిన పేరు అది. దానికి పది పన్నెండేళ్ల కిందే కణం నిండా రంగు ఎక్కించే సాధనం ఉండి ఉంటే దీన్ని పొద కణం అనేవారేమో. అప్పుడు మీ పుస్తకంలో బొమ్మ వేరుగా ఉండేది.

రంగు నిండిన రెండు పక్క పక్క కణాలను చూస్తే ఇంకో వింత. వాటి కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవు. పొలం గట్ల మాదిరిగా ఎవరి హద్దు వారిదే, గట్టు దగ్గర మాత్రం కాస్త కలుస్తాయి. 2002లో బుషాంగ్, మార్టోన్, ఎల్లిస్మన్ హిప్పోక్యాంపస్‌లో పక్క కణాలకు వేర్వేరు రంగులు నింపి ఈ సంగతి చూపించారు. పైన చెప్పిన 15 శాతం కూడా వారి లెక్కే. అంతకు ముందు మేమంతా జీఎఫ్ఏపీ కొమ్మలు ఒకదానిపై ఒకటి అల్లుకున్నట్టు గీసుకునేవాళ్లం.

ఇక మీరు చేయవలసిన పని. సాక్స్9 యాంటీబాడీ తెప్పించండి. అది కేంద్రకంలో ఉండే ప్రోటీను. పెరిగిన మెదడులో కొత్త న్యూరాన్‌లు (నాడీకణాలు) పుట్టే ఒకటి రెండు చోట్లు మినహాయిస్తే, దాదాపు ఆస్ట్రోసైట్‌లనే చూపిస్తుంది. రూపం తెలియదు, చుక్కలే వస్తాయి, కానీ లెక్కపెట్టడానికి చుక్కలే హాయి. కొమ్మలు కూడా కావాలంటే ఏఎల్‌డీహెచ్1ఎల్1 అనే ప్రోటీను యాంటీబాడీ చూడండి. ఎస్100బీ అందరి దగ్గరా ఉంటుంది, చవక, కానీ అది నాడీతీగలకు తొడుగు వేసే ఆలిగోడెండ్రోసైట్ కుటుంబంలో కొన్నిటిని కూడా పట్టుకుంటుంది. దాన్ని ఒంటరిగా నమ్మకండి.

ఒక ప్రశ్న: మీ జంతువుల్లో దేనికైనా, ఎప్పుడైనా, మెదడులోకి సూది గుచ్చారా? ఉంటే ఆ సెక్షన్లు వెతకండి. ఎందుకో తర్వాత చెప్తాను.


రాత్రిస్లైడు:

పైన చెప్పినదానికి ఆసుపత్రి వైపు నుంచి ఒక మాట. నేను పాథాలజిస్టును. మాకు జీఎఫ్ఏపీ ఆస్ట్రోసైట్‌లను లెక్కపెట్టే పరికరం కాదు, ఇబ్బందిని కనిపెట్టే పరికరం. దెబ్బ తగిలినా, రక్తం ఆగినా, కణితి ఒత్తినా, ఆ చుట్టుపక్కల ఆస్ట్రోసైట్‌లు జీఎఫ్ఏపీని పెంచేస్తాయి, లావెక్కుతాయి. దాన్ని గ్లియోసిస్ అంటాము. అప్పటి దాకా కనిపించని కణాలు అక్కడ ప్రత్యక్షమవుతాయి.

మరొకటి. మనిషి ఆస్ట్రోసైట్ చిట్టెలుకదాని పెద్ద నకలు అనుకోవద్దు. 2009లో ఓబర్‌హైమ్ బృందం కొలిచినప్పుడు మనిషి కార్టెక్స్‌లో ప్రోటోప్లాస్మిక్ ఆస్ట్రోసైట్ అడ్డుకొలత 2.6 రెట్లు ఎక్కువ వచ్చింది. ఒక్క కణం హద్దులోకి వచ్చే సినాప్స్‌ల (న్యూరాన్‌లు ఒకదానికొకటి సంకేతం అందించే చోట్ల) అంచనా చిట్టెలుకలు, ఎలుకల్లో 20,000 నుంచి 1,20,000, మనిషిలో 2,70,000 నుంచి 20,00,000. చిట్టెలుకలో ఉన్నట్టు చూపించని రూపాలు కూడా మన కార్టెక్స్‌లో ఉన్నాయి. పై పొరలో కణదేహం ఉండి, కింది పొరల్లోకి నిట్టనిలువుగా పొడవైన తీగలు దింపేవి కొన్ని. లోపలి పొరల్లో పూసల దండలాంటి తీగలు దూరంగా చాచేవి కొన్ని. వాటి పని ఏమిటో ఇప్పటికీ తేలలేదు. నాకు మైక్రోస్కోపు కింద అవి కనిపించినప్పుడల్లా రిపోర్టు పక్కన పెట్టి కాసేపు చూస్తూ కూర్చుంటాను.


మంచుకత్తి:

పాతపలకలు గారూ, రాత్రిస్లైడు గారూ, చాలా కృతజ్ఞతలు. మీ జవాబు ముద్రించి గోడకు అంటించాను, సీనియర్ కనపడే చోట కాదు లెండి. సాక్స్9కు ఆర్డరు పెట్టాను, రావడానికి వారం పడుతుందట.

సూది విషయం: ఒక జంతువుకు వేరే ప్రయోగం కోసం రెండు వారాల ముందు ఒక పక్క ఇంజెక్షన్ చేశారు. అది "పాడైన జంతువు" అని దాని సెక్షన్లు చూడకుండా పక్కన పెట్టాను. పెట్టె ఫ్రీజర్‌లో ఎక్కడో ఉంది.

అయితే ఇంకో సందేహం. హిప్పోక్యాంపస్ ఆస్ట్రోసైట్ జీఎఫ్ఏపీ చేస్తుంది, కార్టెక్స్‌ది చేయదు. మరి ఇవి ఒకే కణం వేర్వేరు బట్టలు వేసుకోవడమా, నిజంగా వేర్వేరు కణాలా? వేర్వేరయితే పుట్టుకతోనే వేరా, ఉన్న చోటును బట్టి మారాయా? పని కూడా వేరేనా?


పాతపలకలు:

మీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగినవారు ఎవరూ లేరు. చెప్పినవారిని నమ్మకండి. నాకు నచ్చిన ప్రయోగాలు కొన్ని చెప్తాను, మీరే తేల్చుకోండి.

ముందు పుట్టుక. పిండం మెదడులో రేడియల్ గ్లియా అనే కణాలు మొదట న్యూరాన్‌లను కని, తర్వాత ఆస్ట్రోసైట్‌లను కంటాయి. ఆస్ట్రోసైట్‌లు తమను కన్న రేడియల్ గ్లియా ఉన్న వీధిలోనే స్థిరపడిపోతాయి. 2012లో త్సాయ్ తదితరులు చిట్టెలుక వెన్నుపాములో ఒక ప్రాంతం ఆస్ట్రోసైట్‌లను తగ్గించి, పక్క ప్రాంతం కణాలు వచ్చి ఖాళీ నింపుతాయేమోనని చూశారు. రాలేదు. దీన్ని బట్టి పుట్టుకకు బలం ఉందనే చెప్పాలి. రెండేళ్ల తర్వాత మోలోఫ్‌స్కీ బృందం వెన్నుపాము ముందు భాగం ఆస్ట్రోసైట్‌లు సెమా3ఏ అనే సంకేతాన్ని ప్రత్యేకంగా చేస్తాయని, దాన్ని ఆ కణాల్లోంచి తీసేస్తే అక్కడ కండరాలను నడిపే మోటార్ న్యూరాన్‌ల అమరిక దెబ్బతింటుందని చూపింది. వెనుక భాగం కణాలు ఆ పనికి లేవు. అంటే ఆస్ట్రోసైట్ తన వీధి న్యూరాన్‌లకు కావలసిన సరుకునే తయారు చేస్తోంది.

ఇప్పుడు దీనికి అడ్డం వచ్చే ప్రయోగం. చిన్నమెదడులో రెండు రకాల ఆస్ట్రోసైట్‌లు పక్క పక్కనే ఉంటాయి. బెర్గ్‌మన్ గ్లియా పర్కింజీ న్యూరాన్‌ల పక్కన కూర్చుని ఉపరితలం దాకా నిలువు కంచెలా తీగలు చాస్తుంది. దాని కిందే, గ్రాన్యూల్ పొరలో, వీలేట్ ఆస్ట్రోసైట్ పల్చని రేకులతో చిన్న న్యూరాన్‌ల గుంపులను చుట్టి ఉంటుంది. చూస్తే ఈ రెండూ బంధువులని కూడా అనుకోరు. 2016లో ఫార్మర్ బృందం చూపించినది ఏమిటంటే, పర్కింజీ న్యూరాన్ సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీను వదులుతుంది, పక్కనున్న బెర్గ్‌మన్ గ్లియా తన ప్రత్యేకతను నిలుపుకోవడానికి ఆ సంకేతం అవసరం. ఆ సంకేతం వినే శక్తిని బెర్గ్‌మన్ కణంలో తీసేస్తే దాని జన్యువుల తీరు వీలేట్ వైపు జరుగుతుంది. వీలేట్ కణంలో ఆ సంకేతాన్ని ఆన్ చేస్తే అది బెర్గ్‌మన్ వైపు జరుగుతుంది. పెద్దయిన జంతువులో! పక్కింటి న్యూరాన్ రోజూ "నువ్వు ఇలా ఉండు" అని చెప్తోంది, ఇది వింటోంది.

కాబట్టి నా లెక్క: పుట్టుక హద్దులు గీస్తుంది, పొరుగు మిగతాది దిద్దుతుంది. ఏ ప్రాంతంలో ఏది ఎంత అన్నది ప్రాంతానికో రకం. కావాలంటే మీ అమ్మగారి పోలిక, అత్తగారింటి అలవాట్లు అనుకోండి.

పని విషయానికి వస్తే, కొన్ని అన్ని చోట్లా ఉమ్మడి. న్యూరాన్ సంకేతం పంపిన ప్రతిసారీ బయటికి పొటాషియం వస్తుంది, దాన్ని పీల్చుకోవాలి. సినాప్స్‌లో సంకేతానికి వాడిన గ్లూటమేట్ అనే రసాయనాన్ని లాక్కుని, గ్లూటమిన్‌గా మార్చి, న్యూరాన్‌కు తిరిగి ఇవ్వాలి. ఇది ఆగితే న్యూరాన్‌లు తమ గ్లూటమేట్‌తో తామే చచ్చిపోతాయి. రక్తనాళాలను పాదాల్లాంటి చివరలతో చుట్టి ఉండటం, మెదడులో ఉన్న కొద్దిపాటి గ్లైకోజెన్‌ను దాచుకోవడం ఇవన్నీ కూడా. వీటిని "ఆసరా" అనడం నాకు సరిపడదు. వంటింట్లో నిప్పు, నీళ్లు, చెత్త అన్నీ చూసుకునే మనిషిని "సాయం చేస్తుంది" అన్నట్టు ఉంటుంది.

ఆ ఉమ్మడి పనిలో కూడా మోతాదులు మారతాయి. వెన్నుపాములో పెద్ద మోటార్ న్యూరాన్‌ల చుట్టూ ఉన్న ఆస్ట్రోసైట్‌లలో పొటాషియం లాగే కిర్4.1 ద్వారాలు ఎక్కువ. అక్కడ న్యూరాన్‌లు కండరాన్ని నడిపించాలి, ఎక్కువగా సంకేతాలు పంపుతాయి, ఎక్కువ పొటాషియం పారబోస్తాయి. 2017లో చై, ఖాఖ్ తదితరులు హిప్పోక్యాంపస్ కణాలను, మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్ కణాలను పక్క పక్కన పెట్టి విద్యుత్ గుణాలు, కాల్షియం సంకేతాలు, జన్యువులు, ప్రోటీన్లు, సినాప్స్‌లకు ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నీ కొలిచారు. ఒకే పేరున్న రెండు వేర్వేరు జనాభాలు బయటపడ్డాయి.

ఇక స్థానిక ఉద్యోగాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మెదడు కాండంలోది. మనం ఊపిరి బిగబడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ కాండం అడుగు భాగమైన మెడుల్లా కింది ఉపరితలం దగ్గరున్న ఆస్ట్రోసైట్‌లు దాన్ని పసిగట్టి ఏటీపీ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి, దానికి ఊపిరి నడిపే న్యూరాన్‌లు స్పందిస్తాయి. 2010లో గౌరిన్ బృందం కాంతితో ఆ ఆస్ట్రోసైట్‌లను మాత్రమే ప్రేరేపించి జంతువు ఊపిరి వేగం పెంచింది. కార్టెక్స్‌లో ఉన్న మీ చీకటి కణాలు ఆ పని చేస్తాయని ఎవరూ చూపలేదు. రోజు గడియారం నడిపే సుప్రాకయాస్మాటిక్ కేంద్రంలో అయితే ఆస్ట్రోసైట్‌లు రాత్రి చురుకు, న్యూరాన్‌లు పగలు చురుకు, ఒకరి షిఫ్టు దిగాక ఇంకొకరు. గడియారం లేని చిట్టెలుకలో ఆ ఒక్క కేంద్రం ఆస్ట్రోసైట్‌లకు మాత్రమే గడియారం జన్యువును తిరిగి ఇచ్చినా జంతువుకు రోజువారీ లయ తిరిగి వచ్చింది. ఇది 2019 మాట. అలాంటివి ఇంకా ఉన్నాయి, కంటి రెటీనాలో మ్యూలర్ గ్లియా గురించి చెప్పడం మొదలుపెడితే ఈ రోజు పని అయినట్టే.

ఆ ఫ్రీజర్ పెట్టె వెతికారా?


అంకెలమనిషి:

నేను రంగులు వేయను, కణంలో ఏ జన్యువులు పని చేస్తున్నాయో చూపే ఆర్ఎన్ఏ లెక్కలు చూస్తాను. పాతపలకలు గారి ఉత్సాహానికి అడ్డు రావడం ఇష్టం లేదు, కానీ కొత్తవారు చదువుతున్నారు కాబట్టి కాస్త ఉప్పు వేస్తున్నాను.

ఒక్కొక్క కణం జన్యువుల జాబితా తీసి, పోలిక ఉన్న వాటిని కంప్యూటర్ గుంపులు చేస్తుంది. న్యూరాన్‌ల విషయంలో ఈ గుంపులు విడివిడిగా దీవుల్లా వస్తాయి. ఆస్ట్రోసైట్‌లు అలా కాదు, ఒకే ఇసుక దిబ్బలా వస్తాయి, ఈ చివర ఒక రంగు, ఆ చివర ఇంకో రంగు. దిబ్బను ఎక్కడ కోయాలన్నది మనం ఇచ్చే అంకె మీద ఉంటుంది. కొంచెం అటు తిప్పితే మూడు రకాలు, ఇటు తిప్పితే తొమ్మిది. 2020లో బాటియుక్ తదితరులు చిట్టెలుక కార్టెక్స్, హిప్పోక్యాంపస్‌లలో ఐదు రకాలు చెప్పారు. ఆ ఐదూ ఎక్కడెక్కడ ఉన్నాయో కణజాలంలో తిరిగి వెతికి చూపించారు కూడా, అందుకే నేను ఆ పనిని గౌరవిస్తాను. అలా వెతకకుండా గుంపులకు పేర్లు పెట్టేసిన పనిని చూస్తే నాకు చిరాకు.

రకం వేరు, స్థితి వేరు. జ్వరం వచ్చిన మనిషి కొత్త రకం మనిషి కాడు. 2017లో దెబ్బతిన్న మెదడులో ఆస్ట్రోసైట్‌లను హాని చేసే ఏ1, మేలు చేసే ఏ2 అన్నారు. రెండు పెట్టెలు దొరికేసరికి అందరూ ఎగబడి తమ కణాలను ఏదో ఒక పెట్టెలో పడేశారు. 2021లో ఆ రంగంలోని చాలామంది కలిసి, ఈ రెండు పెట్టెలు చాలవు, ఆపండి, అని ఉమ్మడి ప్రకటన రాయవలసి వచ్చింది.

అలాగే, ఆస్ట్రోసైట్ గ్లూటమేట్ విడుదల చేసి న్యూరాన్‌తో "మాట్లాడుతుంది" అన్న సంగతి. ఇరవై ఏళ్లకు పైగా కొట్టుకున్నారు. ఒకరు కాల్షియం విడుదలకు కీలకమైన గ్రాహకం తీసేసి చూసి సినాప్స్‌లు మామూలుగానే ఉన్నాయన్నారు. ఇంకొకరు ఆ గ్రాహకం లేకపోయినా సన్న కొమ్మల్లో కాల్షియం కదులుతూనే ఉందని చూపించారు. 2023లో డి చెల్యా, వోల్టెర్రా తదితరులు హిప్పోక్యాంపస్‌లో కొన్ని ఆస్ట్రోసైట్‌లకు మాత్రమే గ్లూటమేట్‌ను సంచుల్లో నింపి వదిలే పరికరాలు ఉన్నాయని రాశారు. అది నిలబడితే పాత గొడవలో ఇరుపక్షాలూ నిజమే చూసి ఉండవచ్చు, వేర్వేరు కణాలను చూశారు. నిలబడితే అంటున్నాను.


పాతపలకలు:

అంకెలమనిషి గారూ, ఉప్పు సరిపోయింది. రకం, స్థితి తేడా గురించి మీరు అన్నది ఒప్పుకుంటాను. జ్వరం పోలిక మాత్రం ఒప్పుకోను. జ్వరం రెండు రోజుల్లో తగ్గుతుంది. బెర్గ్‌మన్ గ్లియా జీవితాంతం పొరుగు మాట వింటూ బెర్గ్‌మన్‌గానే ఉంటుంది. జీవితాంతం నిలిచే స్థితిని రకం అనకపోతే ఏమనాలి? ఇక ఇసుక దిబ్బ సంగతి: ఆర్ఎన్ఏ తీయడానికి మీరు కణాన్ని ముందు ఎంజైములో నానబెట్టి విడదీస్తారు. నేను చెప్పిన ఆకులన్నీ అప్పుడే తెగి పోతాయి. మీకు దొరికేది మాను. మానులన్నీ ఒకేలా ఉండటంలో వింత ఏముంది?


అంకెలమనిషి:

ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. కేంద్రకాలను మాత్రమే తీసి చేసే పద్ధతిలో అయితే మాను కూడా మిగలదు.


మంచుకత్తి:

పది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

సాక్స్9 వచ్చింది. అదే జంతువు, పక్క సెక్షన్. కార్టెక్స్ నిండా ఎర్రచుక్కలు, పై పొర నుంచి కింది దాకా, ఇంచుమించు సమాన దూరాల్లో. పాతపలకలు గారు చెప్పిన పొలం గట్లు గుర్తొచ్చాయి. రెండు చుక్కలు అంటుకుని ఉన్నచోట్లు వెతికితే తక్కువే దొరికాయి. జీఎఫ్ఏపీ ఆకుపచ్చను దాని మీద పెడితే, హిప్పోక్యాంపస్‌లో ఎర్రచుక్క ఉన్న దాదాపు ప్రతి చోటా ఆకుపచ్చ నక్షత్రం ఉంది. కార్టెక్స్‌లో చుక్కలున్నాయి, నక్షత్రాలు లేవు. మెదడు మధ్యలోని థాలమస్ వైపు ఇంతవరకూ చూడనే లేదు. అక్కడా అంతే, చీకటి నిండా ఎర్రచుక్కలు.

ఫ్రీజర్ పెట్టె దొరికింది. అడుగున, మంచు కప్పేసి ఉంటే వేడి నీళ్ల బీకరు పక్కన పెట్టి కరిగించాల్సి వచ్చింది. ఇంజెక్షన్ చేసిన జంతువు సెక్షన్లకు పాత జీఎఫ్ఏపీ సీసాతోనే, కొత్తది కాదు, మొదట "పని చేయడం లేదు" అనుకుని పక్కన పెట్టిన సీసాతోనే రంగు వేశాను. కుడి కార్టెక్స్ ఎప్పటిలాగే చీకటి. ఎడమవైపు సూది దిగిన దారి పొడవునా, రెండు వైపులా, ఆకుపచ్చ నక్షత్రాలు కిక్కిరిసి ఉన్నాయి, హిప్పోక్యాంపస్ కంటే లావుగా. సూది దారి నుంచి దూరం వెళ్లేకొద్దీ పల్చబడి, తర్వాత మళ్లీ చీకటి. అక్కడ కూడా సాక్స్9 చుక్కలు ఆగకుండా కొనసాగుతున్నాయి.

ఆ స్లైడును మైక్రోస్కోపు మీదే వదిలి సీనియర్‌ను పిలిచాను. ఏమీ చెప్పలేదు, చూడమన్నాను. చాలాసేపు చూసి, స్లైడును తనే ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మూడు నాలుగుసార్లు జరిపి, "ఇది ఏ సీసా?" అని అడిగారు.


పాతపలకలు:

ఆ సెక్షన్ పారేయకండి.